కుండీ మనది, పేరు ఎవరిది?

పేరు లేని హైబ్రిడ్ మొక్క కొంటే, దానికి పేరు పెట్టి నమోదు చేయించుకునే హక్కు కూడా దాంతోపాటే వస్తుందా? చాలామందికి ఇది ప్రశ్నగానే తోచదు. డబ్బిచ్చి కొన్నాం, నీళ్లు పోశాం, పూసింది, నచ్చిన పేరు పెట్టుకుంటే అడిగేదెవరు? పెరట్లో ఉన్నంతకాలం నిజంగానే ఎవరూ అడగరు. దాని కొమ్మలు అంటుకట్టి నలుగురికీ అమ్మాలనుకున్నప్పుడో, ఆ పేరును ఒక రిజిస్టరులోకి ఎక్కించాలనుకున్నప్పుడో చిక్కు మొదలవుతుంది. దరఖాస్తు పుచ్చుకునేవాళ్లు ముందుగా అడిగేది పువ్వు రంగు గురించి కాదు. దీని తల్లి ఏది, తండ్రి ఏది, వాటిని కలిపిందెవరు అని అడుగుతారు.

కాలాపేటలో ఉండే తెలుగువాళ్లకు ఇది ఎక్కడో లండన్‌లో తేలే వ్యవహారంలా అనిపించవచ్చు. నిజానికి మన వాకిట్లోనిదే. పుదుచ్చేరి విశ్వవిద్యాలయం ఇక్కడికి 1985లో వచ్చింది. యానాం నుంచో గోదావరి జిల్లాల నుంచో చదువుకీ ఉద్యోగానికీ ఇక్కడ దిగినవాళ్లు గుమ్మం ముందు నాలుగు కుండీలు పెట్టుకోవడం మామూలే. ఆ కుండీల్లోకి వచ్చే మొక్క ఒక్కోసారి మనం వచ్చిన దారినే వచ్చి ఉంటుంది. కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీల మొక్కలు లారీలకెక్కి దేశమంతా తిరుగుతాయి, తూర్పు తీర రహదారి వెంట ఉన్న దుకాణాలూ ఆ దారిలోవే. కవరు మీద మాత్రం పుట్టిల్లు ఉండదు. అడిగితే వచ్చే జవాబులు నర్సరీలు తిరిగేవాళ్లందరికీ కంఠతా వచ్చు: ‘పూణే వెరైటీ అండి’, ‘బెంగుళూరు మాల్ అండి’, ‘ఆస్ట్రేలియన్ మందారం, పువ్వు ఇంత పెద్దది పూస్తుంది’. తల్లి మొక్క ఏదండీ అంటే నవ్వి ఊరుకుంటారు. మోసం చేయాలని కాదు, వాళ్లకు అమ్మినవాళ్లు కూడా వాళ్లకు చెప్పలేదు.

ఇక్కడికి కాస్త పడమరగా ఆరోవిల్ ఉంది. మాతృమందిరం చుట్టూ వేసిన 12 ఉద్యానాలకు ఒక్కోదానికీ ఒక్కో మందారాన్ని అరవిందాశ్రమపు శ్రీమాత ఎంచారు. మొత్తం మీద సుమారు 900 పూలకు ఆమె ఆధ్యాత్మికమైన పేర్లు పెట్టారు. తులసికి భక్తి, వేపకు ఆధ్యాత్మిక వాతావరణం, ఇలా. ఆ పేర్లు పువ్వు ఏం చెబుతోందన్న దాని గురించి. ఒక పేరు కింద ఎన్ని రకాలైనా ఇమడవచ్చు, ఎవరూ అభ్యంతరం చెప్పరు. నమోదు పుస్తకంలో పేరు పని వేరు. అక్కడ ఒక పేరు ఒకే రకాన్ని చూపించాలి, ఆ రకం ఇంకెక్కడ పెరిగినా అదే పేరుతో ఉండాలి. పుదుచ్చేరి పరిసరాల్లో ఈ రెండు రకాల పేర్లూ పక్కపక్కనే వినబడతాయి కాబట్టి ఒకదాన్ని రెండోదిగా పొరబడేవాళ్లు ఇక్కడ ఎక్కువ.

పేచీ ఎక్కడ పుడుతుందో తెలియాలంటే మందారాన్ని ఎలా క్రాస్ చేస్తారో చూడాలి. పువ్వు నడుమ నుంచి పొడుగ్గా బయటికొచ్చే కాడ ఉంటుంది. దాని చుట్టూ పసుప్పచ్చటి పుప్పొడి తిత్తులు, కొసన మకమల్ గుడ్డలా మెత్తగా ఉండే అయిదు బొడిపెలు. పొద్దున్నే పువ్వు విచ్చుకున్నాక ఒక మొక్క పుప్పొడి తెచ్చి రెండో మొక్క పువ్వులో ఆ అయిదు బొడిపెలకూ అద్దుతారు. తొడిమకు దారంతో చిన్న చీటీ కడతారు. చీటీ మీద ముందు కాయ మోసే మొక్క పేరు, మధ్యలో గుణకారం గుర్తు, తర్వాత పుప్పొడి ఇచ్చిన మొక్క పేరు, కింద తేదీ. పని పది నిమిషాలది. అద్దిన పూలలో చాలావరకు రాలిపోతాయి. నిలిచిన కాయ పండి పగలడానికి నెలన్నరో రెండు నెలలో పడుతుంది. గింజ మొలిచి తొలి పువ్వు పూయడానికి ఇంచుమించు ఏడాది, కొన్నిటికి అంతకంటే ఎక్కువే.

ఒకే కాయలోని గింజలైనా ఏ రెండూ ఒకేలా పూయవు. ఒకటి ఎర్రగా, ఇంకొకటి ఎండిన ఇటుక రంగులో, మరొకటి రెక్కలు ముడుచుకుపోయి. తల్లిదండ్రులిద్దరూ ఇప్పటికే తరతరాల సంకరాల నుంచి వచ్చినవి కాబట్టి గింజ మొక్కలో ఏం బయటపడుతుందో ముందే చెప్పడం అసాధ్యం. ఎక్కువ భాగం పారేయాల్సినవే. పనికొచ్చినదాన్ని అంటుకట్టో కొమ్మ నాటో పెంచితేనే అది ‘రకం’ అవుతుంది. గింజ మొక్క, అంటు మొక్క అని మన రైతులు వేరుచేసి చెప్పేది దీన్నే. అంటు మొక్క తల్లికి నకలు. గింజ మొక్క లోకంలో ఇంకెక్కడా లేని కొత్త ప్రాణి.

క్రాస్ చేసేవాళ్లకు వందల గింజ మొక్కలను పూసేదాకా సాకే చోటు ఉండదు. అందుకే పువ్వు చూడకముందే, పేరు పెట్టకముందే కొన్నిటిని అమ్మేస్తారు. కొన్నిసార్లు తొలి పువ్వు చూసి ‘ఫరవాలేదు కానీ నా స్థాయికి కాదు’ అనుకున్నవాటిని అమ్ముతారు. కొన్నవాళ్లు రెండేళ్లు సాకితే అందులో ఒకటి అద్భుతంగా తేలుతుంది. అప్పుడు అద్దినవాళ్లదా గొప్ప, గుర్తుపట్టినవాళ్లదా?

దీనికి అందరికంటే ముందు జవాబు వెతుక్కున్నవాళ్లు ఆర్కిడ్ పెంపకందారులు. మనిషి చేసిన తొలి ఆర్కిడ్ సంకరం ఇంగ్లండ్‌లోని వీచ్ నర్సరీలో 1856లో పూసింది. చేసినవాడు జాన్ డొమినీ అనే తోటమాలి. అక్కడి నుంచి సంకరాలు వెల్లువెత్తి, ఒకే క్రాస్‌కు నలుగురు నాలుగు పేర్లు పెట్టే గందరగోళం మొదలైతే, ఫ్రెడరిక్ శాండర్ అనే ఆర్కిడ్ వ్యాపారి పట్టీ రాయడం మొదలుపెట్టాడు. 1906లో అది పుస్తకంగా వచ్చింది. 1961 నుంచి ఆ పద్దును లండన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ నడుపుతోంది. వాళ్ల సూత్రం సూటిగా ఉంటుంది. పుప్పొడి అద్దిన రోజున కాయ మోసిన మొక్క ఎవరి సొత్తో, ఆ సంకరానికి ‘మూలకర్త’ వాళ్లే. నమోదు చేసే హక్కు వాళ్లది. మొలకలు కొన్నవాళ్లు నమోదు చేయించాలంటే మూలకర్త అనుమతి తెచ్చుకోవాలి, లేదా ఆ హక్కు తమకు రాసిచ్చినట్టు చూపించాలి. మొక్క చేతులు మారినంత మాత్రాన హక్కు చేతులు మారదు. మూలకర్త ఎవరో ఎంత వెతికినా తేలకపోతే ఆ సంగతే పుస్తకంలో రాస్తారు. మరో షరతు, మొక్క పూయాలి. పూయని సంకరానికి పేరు లేదు.

ఆర్కిడ్ రిజిస్టరులో ఇంకో విశేషం ఉంది. అక్కడ పేరు ఒక్క మొక్కకు కాదు, ఆ తల్లికీ ఆ తండ్రికీ పుట్టిన సంతానం మొత్తానికి. తల్లిని తండ్రిగా, తండ్రిని తల్లిగా మార్చి అద్దినా అదే పేరు. మన మామిడితో పోల్చి చూస్తే ఇదెంత వింతో తెలుస్తుంది. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ నీలంను తల్లిగా, దశేరీని తండ్రిగా పెట్టి ‘మల్లిక’ను తీసింది. అవే రెండు చెట్లను తారుమారు చేసి ‘ఆమ్రపాలి’ని తీసింది. మల్లిక కాయ పెద్దది, ఆమ్రపాలి చెట్టు పొట్టిది. ఆర్కిడ్ లెక్క ప్రకారం ఈ రెంటికీ ఇంటిపేరు ఒకటే అయ్యేది. మామిడిలో ఆ పద్ధతి పెడితే బజారులో ఎవరికీ ఏమీ అర్థం కాదు. కాబట్టి ఆర్కిడ్ సూత్రాన్ని యథాతథంగా మందారానికో గులాబీకో అతికించబోతే కుదరదు. అందులో పనికొచ్చేది ఒక్కటే, అనుమతి కాగితం.

మిగతా మొక్కలకు వేరే పుస్తకాలున్నాయి. సాగు మొక్కల పేర్లకు అంతర్జాతీయ నియమావళి ఒకటుంది. దాని కింద ఒక్కో జాతి పద్దునూ ఒక్కో సంస్థకు అప్పగించారు. మందారం పద్దు ఆస్ట్రేలియా మందార సంఘం దగ్గర, గులాబీది అమెరికన్ రోజ్ సొసైటీ దగ్గర, దేవగన్నేరుది టెక్సాస్‌లో మొదలైన ప్లుమేరియా సొసైటీ దగ్గర ఉంది. కాగితపు పూల పద్దు మాత్రం మన దేశంలోనే, ఢిల్లీలోని ఆ వ్యవసాయ పరిశోధన సంస్థ దగ్గరే ఉంది. పుదుచ్చేరి వీధుల్లో గోడల మీద నుంచి వేలాడే ఆ పూలకు పేరు వచ్చింది ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ మీద. ప్రపంచంలో ఏ మూల కొత్త రకం తీసినా పేరు నమోదుకు ఢిల్లీకే రాయాలి. మనవాళ్లకు ఇది తెలియకపోవడం నాకు కాస్త బాధగానే ఉంటుంది.

ఈ పద్దుల్లో పేరు ఎక్కితే చట్టపరమైన హక్కేమీ రాదు. అంటుకట్టి అమ్మేవాణ్ణి ఆపలేరు, రాయల్టీ అడగలేరు. వచ్చేదల్లా గుర్తింపు: ఈ పేరు ఈ మొక్కది, చేసింది ఫలానావారు, ఆ పేరును ఇంకెవరూ వేరే రకానికి వాడకూడదు. అయినా దీనికీ కట్టుబాటు ఉంది. మూలకర్త వద్దని చెప్పిన పేరును ఇంకొకరు ప్రచురిస్తే ఆ పేరు నిలవదు. కొన్న మొలకకు మీరు ముద్దుగా అమ్మాయి పేరు పెట్టి ఊరంతా పంచాక, క్రాస్ చేసినవారు ‘అది నేను పారేయమన్న మొక్క, నా వంశంలో దానికి పేరు వద్దు’ అనవచ్చు. కొందరు హైబ్రిడ్ నిపుణులు నిజంగానే అలా అంటారు, ఎందుకంటే నాసి మొక్క ఒకటి తమ పేరుతో తిరిగితే మంచి మొక్కల పరువూ పోతుంది.

గులాబీల్లో ఈ వంశావళి పట్టింపు ఎంత దూరం వెళుతుందో చూడాలంటే ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ఉద్యోగం ముందుగానే వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడ్డ ఎం.ఎస్. వీరరాఘవన్ పనిని చూడాలి. మన ఎండలకు తట్టుకునే గులాబీ కావాలని, దేశంలోని అడవి గులాబీలు రోజా జైగాంటియానూ రోజా క్లైనోఫిల్లానూ తెచ్చి తోట గులాబీలతో కలిపారు. వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు ఒక గులాబీకి పెట్టారు. ఆ పేర్ల వెనక ఏ అడవి మొక్క ఎక్కడ దొరికిందన్న సమాచారంతో సహా తరాల లెక్క ఉంటుంది. అలాంటి తోట నుంచి పేరు లేని గింజ మొక్క ఒకటి బయటికొచ్చి, ఇంకొకరి పేరుతో నమోదైతే పోయేది ఒక్క పేరు కాదు, ఆ లెక్క మొత్తం.

ఇక చట్టం. తెలుగులో ‘రిజిస్ట్రేషన్’ అంటే అన్నిటికీ ఒకే మాట కాబట్టి నర్సరీల దగ్గర ఒక అయోమయం ఉంటుంది. ‘మాది రిజిస్టర్డ్ నర్సరీ అండి’ అంటే మొక్కలకు కూడా హక్కులున్నాయని కొనేవాళ్లు అనుకుంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2010లో వచ్చిన ఉద్యాన నర్సరీల చట్టం కింద తీసుకునే నమోదు వ్యాపారానికి లైసెన్సు మాత్రమే. 1966 నాటి విత్తనాల చట్టం మొలకలనూ అంట్లనూ కూడా ‘విత్తనం’ కిందే లెక్కేస్తుంది కానీ, దాని పట్టింపు నాణ్యత. పేటెంట్ల చట్టమైతే మొక్కలనూ రకాలనూ గడప తొక్కనివ్వదు. రకం మీద హక్కు ఇచ్చేది ఒక్కటే, మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం 2001. దాని కింద కేంద్ర ప్రాధికార సంస్థ 2005లో ఏర్పడింది. నోటిఫై చేసిన జాతులకే ఈ నమోదు. గులాబీ, చామంతి, కాగితపు పూలు, కొన్ని ఆర్కిడ్లు ఆ పట్టీలో ఉన్నాయి. నమోదైతే చెట్లకూ తీగలకూ 18 ఏళ్లు, మిగతా పంటలకు 15 ఏళ్ల దాకా ఆ రకాన్ని ఉత్పత్తి చేసి అమ్మే హక్కు నమోదుదారుదే.

పేరు లేని హైబ్రిడ్ కొన్నవాళ్లకు ఈ చట్టంలో అడ్డం పడేది 18వ సెక్షన్. దరఖాస్తులో తల్లిదండ్రుల పూర్తి వివరాలు రాయాలి. ఆ మొక్కల సామగ్రిని చట్టబద్ధంగానే సంపాదించామని ప్రకటన ఇవ్వాలి. దరఖాస్తుదారు బ్రీడర్ కాకుండా బ్రీడర్ దగ్గర హక్కు పొందినవారైతే ఆ హక్కుకు రుజువు జతచేయాలి. ‘పూణే వెరైటీ అండి’ అన్నది ఈ మూడింటిలో దేనికీ జవాబు కాదు. థాయిలాండ్ నుంచో తైవాన్ నుంచో గింజలు పోస్టు కవరులో తెప్పించుకుని మొలకెత్తించే సరదా ఉన్నవాళ్ల దారి రెండో షరతు దగ్గరే ఆగిపోతుంది. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతీ ఆరోగ్య ధ్రువపత్రమూ లేకుండా వచ్చిన గింజను చట్టబద్ధంగా సంపాదించినదని ఎలా రాస్తారు?

మరో మెలిక కొత్తదనం. దరఖాస్తు నాటికి ఆ రకాన్ని దేశంలో అమ్మడం మొదలై ఏడాది దాటితే అది ‘కొత్త రకం’ కాదు. ఇక్కడ నాకు తెగని సందేహం ఒకటుంది. పేరు లేని ఒక్క గింజ మొక్కను అమ్మడం, రకాన్ని అమ్మినట్టా? చట్టం మాట్లాడేది రకం గురించి, నిలకడగా ఒకే తీరున పెరిగే సమూహం గురించి. ఒంటరి మొలక ఇంకా రకం కాలేదు, అంట్లు పెంచాకే అవుతుంది అని వాదించవచ్చు. ఆ మొలకే తర్వాత వచ్చిన అంట్లన్నిటికీ మూలం కాబట్టి గడియారం ఆ రోజే మొదలైందనీ వాదించవచ్చు. కొన్నవాళ్లు మొదటి అంటు అమ్మిన తేదీని, బిల్లుతో సహా, దాచుకోవడం మంచిది.

బ్రీడర్ అంటే ఎవరన్నదానికి మన చట్టం వాడిన మాటలు మూడు: ప్రజననం చేసినవారు, రూపొందించినవారు, అభివృద్ధి చేసినవారు. కొత్త మొక్కల రకాలపై హక్కులు చూసే యూపీఓవీ అనే అంతర్జాతీయ ఒప్పందంలో ‘కనిపెట్టి అభివృద్ధి చేసినవారు’ అని కూడా ఉంటుంది. మనం అందులో చేరలేదు. అమెరికాది ఇంకో దారి. 1930లో వచ్చిన వాళ్ల మొక్కల పేటెంటు చట్టం, సాగుచోట్ల కనిపెట్టిన మొక్కను అంట్లతో పెంచినవారికి కూడా హక్కిస్తుంది. దాని కింద 1931లో ఇచ్చిన ఒకటో నంబరు పేటెంటు ‘న్యూ డాన్’ గులాబీది. అది ఎవరూ చేసిన క్రాస్ కాదు, ఒక పాత తీగ గులాబీ మీద దానంతటదే వచ్చిన మార్పు. గుర్తుపట్టిన కన్నుకే అక్కడ హక్కు దక్కింది.

గుర్తుపట్టిన కన్నుకు మన దేశంలో ఏం జరిగిందో చెప్పే కథ మహారాష్ట్రలో ఉంది. చంద్రపూర్ జిల్లా నాందేడ్ అనే పల్లెలో దాదాజీ ఖోబ్రాగడే అనే చిన్న రైతు 1983లో పటేల్-3 వరి చేలో కొన్ని వెన్నులు తేడాగా ఉండటం చూశాడు. వాటిని విడిగా ఎత్తి, ఏడాదికేడాది నాటి, సన్నబియ్యం ఇచ్చే రకాన్ని నిలబెట్టాడు. ఊళ్లో అప్పుడు మోజుగా ఉన్న గడియారం పేరు తగిలించి హెచ్ఎంటీ అన్నారు. 1994లో అకోలా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఆ విత్తనం తీసుకెళ్లింది. 1998లో పీకేవీ-హెచ్ఎంటీ అనే పేరుతో విడుదల చేసింది. ఖోబ్రాగడేకు గుర్తింపు వచ్చింది, అవార్డులూ వచ్చాయి. 2018లో ఆయన పోయేనాటికి రాయల్టీ మాత్రం రాలేదు. విత్తనం చేతులు మారినప్పుడు చట్టమే లేదు. 2001 చట్టం రైతును కూడా బ్రీడర్‌గా ఒప్పుకోవడానికి ఇలాంటి అనుభవాలు కారణం. రైతుల సంప్రదాయ రకానికి నమోదు కోరితే ఇందాక చెప్పిన వంశావళి షరతులు వర్తించవు, రుసుములూ ఉండవు. అయితే నర్సరీలో కొన్న హైబ్రిడ్ మందారాన్ని ఆ తలుపు గుండా తీసుకెళ్లలేం, అది రైతుల చేలల్లో తరాలుగా రూపుదిద్దుకున్న రకం కాదు. రైతు కొత్తగా తీసిన రకమైతే మామూలు బ్రీడర్‌తో సమానంగా నమోదు చేసుకోవచ్చు, షరతులూ సమానమే.

కాగితం ఎంత పని చేస్తుందో, ఎంత చేయదో చూపించేది పెప్సీకో బంగాళదుంప వివాదం. చిప్స్‌కు వాడే ఎఫ్ఎల్ 2027 రకాన్ని ఆ కంపెనీ 2016లో ఈ చట్టం కింద నమోదు చేయించుకుంది. 2019 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా పండించారని గుజరాత్ రైతుల మీద దావాలు వేసింది. నలుగురి మీదైతే తలకు కోటి అయిదు లక్షల రూపాయల చొప్పున. దేశమంతా గగ్గోలు లేచి మే నెలలో దావాలు వెనక్కి తీసుకుంది. అంతటితో ఆగలేదు. వ్యవసాయ ఉద్యమకారిణి కవిత కురుగంటి ఆ నమోదునే రద్దు చేయాలని అర్జీ పెట్టారు. 2021 డిసెంబరు 3న ప్రాధికార సంస్థ రద్దు చేసింది. చెప్పిన కారణాల్లో రెండు మన విషయానికి నేరుగా తగులుతాయి. 2009 నుంచే దేశంలో అమ్మకంలో ఉన్నదాన్ని ‘కొత్త రకం’ అని రాశారు. అసలు బ్రీడర్ దగ్గర నుంచి కంపెనీకి హక్కు వచ్చినట్టు చూపే పత్రం సక్రమంగా లేదు. 2023 జులైలో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం ఆ రద్దును సమర్థించింది. 2024 జనవరి 9న ద్విసభ్య ధర్మాసనం దాన్ని తోసిపుచ్చి కంపెనీ వైపు తీర్పిచ్చింది.

చివరికి కంపెనీయే గెలిచింది కదా, కాగితం పట్టింపు ఎందుకు అనవచ్చు. కోర్టుల్లో ఏళ్లకేళ్లు నిలబడి, ఫారంలో లోపాన్ని సర్దుకోగల శక్తి అంత పెద్ద కంపెనీకి ఉంది. కాలాపేటలో డాబా మీద నలభై కుండీలు పెంచుకునే మనిషికి ఆ శక్తి లేదు. చిన్నవాళ్లకే కాగితం ఎక్కువ అవసరం.

మళ్లీ అద్దినవాళ్లదా, గుర్తుపట్టినవాళ్లదా అన్న పేచీకొస్తే, నా అభిప్రాయం ఆర్కిడ్ సూత్రానికి పూర్తిగా అనుకూలం కాదు. మందారంలో పుప్పొడి అద్దడం పది నిమిషాల పనే అయినా, ఏ రెంటిని కలపాలో తెలుసుకోవడానికి ఏళ్లు పడుతుంది. అద్దినవాళ్ల వాటా అక్కడుంది. పువ్వు చూడకుండా కొని, రెండేళ్లు తెల్లదోమకీ పిండినల్లికీ వేరుకుళ్లుకీ కాపు కాసి, ఇరవైలో ఒకదాన్ని ఉంచి పందొమ్మిదింటిని పీకేసినవాళ్ల వాటా ఇంకోటి. ఒకే గడిలో ఒకే పేరు రాయమంటే ఇద్దరిలో ఒకరికి అన్యాయం జరిగి తీరుతుంది. దీనికి మంచి నమూనా రోడోడెండ్రాన్ రిజిస్టరులో ఉంది. అది కూడా లండన్ సొసైటీ నడిపేదే. అందులో క్రాస్ చేసినవారు, తొలి పువ్వు దాకా పెంచినవారు, పేరు పెట్టినవారు, బజారుకు తెచ్చినవారు, నమోదు చేయించినవారు అని విడివిడి గుర్తులుంటాయి. అయిదింటికీ అయిదు వేర్వేరు పేర్లున్నా ఎవరి గౌరవం వాళ్లకు దక్కుతుంది. ఆర్కిడ్లనూ ఇదే సొసైటీ నమోదు చేస్తున్నా అక్కడ ఈ పద్ధతి పెట్టకపోవడం చిత్రం.

మన పెద్దలు దీన్ని ఇంకోలా తేల్చుకున్నారు. మామిడి టెంకలు నాటి, పదేళ్లు కాచి, మంచి కాయ వచ్చిన చెట్టును అంటుకట్టి, దానికి ఊరి పేరో ఇంటిపేరో పెట్టేశారు. కొత్తపల్లి కొబ్బరి, పండూరివారి మామిడి అలాంటివే. క్రాస్ చేసింది తేనెటీగో ఈగో కాబట్టి మూలకర్త తగాదా రాలేదు. పెంచి గుర్తించినవాళ్లకే పేరు. హక్కు మాటే లేదు, అంటు అడిగినవాళ్లకల్లా వెళ్లింది. కడియం ప్రాంతపు వ్యాపారానికి ఇప్పటికీ పునాది ఆ స్వభావమే అని నాకు అనిపిస్తుంది. తల్లి మొక్క ఎవరిదన్న ప్రశ్నకు అక్కడ నవ్వు జవాబుగా రావడానికి కారణం కూడా అదే. కానీ ఈగ స్థానంలో ఇప్పుడు మనిషి ఉన్నాడు, అతనికి పేరుంది, అతని దగ్గర చీటీ ఉంది. ఆ చీటీ తోట గేటు దాటేసరికి ఊడిపోతోంది.

దాన్ని ఊడకుండా చూడటానికి పెద్ద ఖర్చేమీ కాదు. గింజ మొక్క అమ్మేటప్పుడు బిల్లు మీదే రాయవచ్చు: కాయ మొక్క పేరు, పుప్పొడి మొక్క పేరు, క్రాస్ చేసినవారు, చేసిన సంవత్సరం. కింద ఒక్క వాక్యం: ‘ఈ మొక్కను కొన్నవారు పెంచి, ఎంపిక చేసి, పేరు పెట్టి నమోదు చేయించుకోవచ్చు, నమోదులో క్రాస్ చేసినవారిగా మా పేరు రాయాలి.’ ఇవ్వడం ఇష్టం లేకపోతే అదీ రాయవచ్చు: ‘ఇంట్లో పెంచుకోవడానికి మాత్రమే, అంటుకట్టి అమ్మడానికీ పేరు పెట్టడానికీ అనుమతి లేదు.’ చట్టపరమైన నమోదుకు వెళ్లదలచుకుంటే ఈ వాక్యం చాలదు, హక్కు బదలాయింపు పత్రం విడిగా రాసుకోవాలి. పేరు పద్దుకు మాత్రం ఈ వాక్యమూ ఒక సంతకమూ పెట్టుకుంటే తర్వాత మాట్లాడుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. కొనేవాళ్లు అడగాలి. కొన్న రోజున అడిగితే ఇచ్చేస్తారు. పువ్వు అద్భుతంగా పూశాక అడిగితే ధర మారుతుంది.

మూలకర్త ఎవరో ఎప్పటికీ తెలియని మొక్కలు మనలో చాలామంది దగ్గర ఇప్పటికే ఉన్నాయి. వాటి విషయంలో తొందరపడి చేయకూడనిది ఒకటుంది, ఊహించి తల్లిదండ్రులను రాయడం. రంగు చూసి ‘ఇది ఫలానాదాని పిల్లే’ అని ధీమాగా చెప్పేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, మందారంలో ఆ ధీమాకు విలువ లేదు. రెండోది, దుకాణం వాళ్లు ఇప్పటికే పేరున్న రకాన్ని పేరు తీసేసి ‘హైబ్రిడ్’ అని అమ్మి ఉండవచ్చు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన ఫుల్కారీ, ట్రైబల్ క్వీన్ లాంటి మందారాలు బజారులో ఎర్రది, పసుపుది అయిపోయి తిరుగుతుంటే గుర్తుపట్టేదెవరు? మీరు కొన్నది అంటు మొక్క అయితే దానికి ఎక్కడో ఒక పేరు ఉండే ఉంటుంది. అంటు గుర్తు కాండం మీద కనబడుతుంది, మొదలు దగ్గర వాలుగా నయమైన కోత మచ్చ, దాని కింద వేరే రంగు బెరడు. మొదలు నుంచీ ఒకే కాండం ఉంటే అది గింజ మొక్క కావచ్చు, లేదా కొమ్మ నాటినది కావచ్చు. కొమ్మ నాటినదైతే దానికీ పాత పేరు ఉండే ఉంటుంది.

పూల పరిశోధన డైరెక్టరేట్ ప్రధాన కార్యాలయం పూణేలో ఉంది. దాని ప్రాంతీయ కేంద్రం కడియం పక్కన వేమగిరిలోనే ఉంది. దేశంలో ఎన్ని నర్సరీల మొక్కలు ఆ చుట్టుపక్కల నుంచి కదులుతాయో తెలిసినవాళ్లకు, గింజ మొక్కల పద్దు ఒకటి తెరవడానికి అంతకంటే అనువైన చోటు తోచదు. రుసుము నామమాత్రంగా పెట్టి, రోడోడెండ్రాన్ పుస్తకంలో లాగా అయిదు గడులు గీసి, ఒక ఫోటో, ఒక బిల్లు నకలు తీసుకుంటే చాలు. చట్టం మార్చనక్కర్లేదు. అలాంటి పద్దు ఉంటే, కాలాపేటలో కొన్న కవరు మీద నంబరు చూసి అది ఏ తోటలో, ఏ ఏడాది, ఏ రెండు మొక్కలకు పుట్టిందో తెలుసుకోవచ్చు. పేరు పెట్టాలనిపిస్తే ఎవరికి ఉత్తరం రాయాలో కూడా తెలుస్తుంది.